నోరు తిరగని పేరల్లా విషం కాదు

"మీరు ముఖానికి రాసుకునే లోషన్ ట్యూబు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి" అని మొదలయ్యే వాట్సాప్ మెసేజ్ ఈ ఎండాకాలంలో నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. మొదట పంపింది మా పిన్ని. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: లోషన్లో మొదటి పదార్థం నీళ్లు, అంటే మనల్ని మోసం చేస్తున్నారు. డైమెథికోన్ అంటే ప్లాస్టిక్, చర్మ రంధ్రాలు మూసేసి ఊపిరాడనివ్వదు. పారాబెన్లు క్యాన్సర్ తెస్తాయి. ఆల్కహాల్ అన్న మాట కనబడితే చర్మం ఎండిపోయినట్టే. రాసుకున్నదాంట్లో 60 శాతం 26 సెకన్లలో రక్తంలో కలుస్తుంది. కాబట్టి నోరు తిరగని పేరున్న ప్రతిదాన్నీ పారేసి కొబ్బరినూనె, నిమ్మరసం వాడండి.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిన్ని కూతురు దీన్ని నమ్మింది. డాక్టరు చూసి సరేనన్న లోషన్ పక్కన పడేసి, మూడు వారాలు రోజూ రాత్రి ముఖానికి కొబ్బరినూనె పట్టించింది. నుదుటి నిండా చిన్న చిన్న పొక్కులు లేచాక ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, అందులో చెప్పినట్టే చేశాను కదా!" అంది. నేను క్రీములు, లోషన్లు తయారుచేసే ల్యాబులో ఎనిమిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను, ఎవరి సరుకూ అమ్మను. కానీ ఆ పిల్ల ఏడుపు విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ ట్యూబు వెనక ఫొటో తీసి పంపమన్నాను. వరసగా ఇలా ఉంది: నీరు, గ్లిసరిన్, నియాసినమైడ్, డైమెథికోన్, సెటేరిల్ ఆల్కహాల్, గ్లిసరిల్ స్టియరేట్, ఫీనాక్సీఎథనాల్, మిథైల్ పారాబెన్, కార్బోమర్, సోడియం హైలురోనేట్, కుంకుమపువ్వు సారం, పర్ఫ్యూమ్. జిడ్డు చర్మానికి అమ్మే తేలికపాటి లోషన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. మెసేజ్‌లోని మాటల్ని ఈ ట్యూబు మీదే పెట్టి చూస్తాను.

మొదటిది నీళ్ల సంగతి. తేలికపాటి లోషన్ అంటేనే నీళ్లలో నూనె బిందువుల్ని సన్నగా కలిపి, విడిపోకుండా నిలిపినది. అందులో ముప్పాతిక వంతు నీళ్లుండటం మామూలే. రాసుకున్నాక ఆ నీళ్లు ఆరిపోయి గ్లిసరిన్, కొద్దిపాటి కొవ్వు పదార్థాలు పల్చటి పొరగా మిగులుతాయి. విజయవాడ ఉక్కలో ముఖం మీద బరువు లేకుండా ఉండేది అందుకే. నీళ్లు తీసేస్తే మిగిలేది ముద్ద. ముద్ద కావాలంటే వాజలీను ఉంది, చలికాలంలో పగిలిన మడమలకి దాన్ని మించినది లేదు. మే నెలలో మొటిమల ముఖానికి అది ఎవరూ అడగరు.

ఇక్కడ నిజంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మెసేజ్ రాసినవాళ్లు దాన్ని వదిలేశారు. మన దేశపు కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం, 1 శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఆ 1 శాతం గీత ఎక్కడుందో ట్యూబు మీద ఉండదు, కానీ పట్టుకునే దారి ఉంది. ఫీనాక్సీఎథనాల్ అనేది లోషన్ చెడిపోకుండా వేసే ప్రిజర్వేటివ్. ఐరోపా సమాఖ్యలో దానికి గరిష్ఠ పరిమితి 1 శాతం, మామూలుగా తయారీదారులు ఆ హద్దులోనే ఉంటారు. అంటే జాబితాలో దాని తర్వాత వచ్చే పేర్లన్నీ 1 శాతానికి మించనివే అనుకోవచ్చు. మా చెల్లెలి ట్యూబు ముందువైపు పెద్ద కుంకుమపువ్వు బొమ్మ ఉంది. వెనక జాబితాలో ఆ కుంకుమపువ్వు చివరి నుంచి రెండోది. కోప్పడాల్సింది దాని మీద, నీళ్ల మీద కాదు.

అయితే 1 శాతం లోపు ఉన్నదంతా దండగ అని కూడా కాదు. తేమను పట్టి ఉంచే సోడియం హైలురోనేట్ అరశాతం వేసినా లోషన్ చిక్కబడిపోతుంది, కాబట్టి దాన్ని చిటికెడే వేస్తారు. నియాసినమైడ్ సంగతి వేరు. ఇది విటమిన్ బి3 రూపం. నూనె స్రావం, మచ్చల మీద జరిగిన ప్రయోగాల్లో దీన్ని ఎక్కువగా 2 నుంచి 5 శాతం మధ్య వాడారు. జాబితాలో అది ఫీనాక్సీఎథనాల్‌కు పైన, మూడో స్థానంలో ఉండటం మంచి గుర్తు. తయారీదారు శాతం కూడా అచ్చువేస్తే ఇంకా మంచిది. ఇక రెండో స్థానంలో గ్లిసరిన్ ఉన్న లోషన్‌ను చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. చవకైన సరుకు కాబట్టి ప్రకటనల్లో దాని పేరెత్తరు, కానీ చర్మంలో తేమ నిలపడంలో అంత నమ్మకమైనవి తక్కువ.

డైమెథికోన్ ప్లాస్టిక్ కవరులా ముఖానికి అతుక్కుంటుందన్నది రెండో మాట. ఇది సిలికోన్ జాతిది. చర్మం మీద పల్చగా పరుచుకుంటుంది, కానీ ఆ పొరలోంచి నీటి ఆవిరి బయటికి పోతుంది, చెమట పడుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ (ఆహార, మందుల నియంత్రణ సంస్థ) దీన్ని 1 నుంచి 30 శాతం వరకు చర్మరక్షక పదార్థంగా అనుమతించింది. పసిపిల్లలకు డైపర్ ఒరిపిడి దగ్గర రాసే క్రీముల్లోనూ ఉంటుంది. పైగా లోషన్‌కు ఆ జారుడుతనం, జిడ్డు లేని స్పర్శ వచ్చేది దీనివల్లే. సిలికోన్లలో కొన్నింటి మీద న్యాయమైన అభ్యంతరం ఉన్నమాట నిజం. సైక్లోపెంటాసిలోక్సేన్ నీళ్లలో, నేలలో త్వరగా విచ్ఛిన్నమై పోనిది కావడంతో, కడిగేసే ఉత్పత్తుల్లో దాన్ని 0.1 శాతానికి మించనివ్వకుండా ఐరోపా సమాఖ్య 2020 నుంచి కట్టడి చేసింది. చెరువుల కోసం, నదుల కోసం సిలికోన్ మానేస్తానన్నవాళ్లను నేను గౌరవిస్తాను. చర్మానికి ఊపిరాడదు కాబట్టి మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను.

రంధ్రాలు మూసేస్తుందన్న మాట కూడా దీనితోనే కలిపి తిప్పుతున్నారు. ఏ పదార్థం మొటిమలు తెస్తుందో 0 నుంచి 5 వరకు అంకెలు వేసిన పట్టికలు నెట్‌లో తిరుగుతుంటాయి. వాటి మూలం కుందేలు చెవి మీద చేసిన పరీక్షలు. 1972లో పరిశోధకులు ఆల్బర్ట్ క్లిగ్మన్, ఓటో మిల్స్ సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమల మీద రాసిన వ్యాసంతో ఆ పద్ధతికి పేరొచ్చింది. తర్వాత వచ్చిన పట్టికల్లో కొబ్బరినూనెకు పడిన అంకె 4. మెసేజ్ మాత్రం రంధ్రాలు మూసుకుపోతాయని భయపెట్టి, చివరికి తీసుకెళ్లి ఆ నూనె దగ్గరే కూర్చోబెట్టింది! అలాగని ఆ పట్టికను నేను వేదంగా తీసుకోను. కుందేలు చెవి మన చెంప కాదు. మొటిమలు తెస్తాయని పేరుపడ్డ పదార్థాలున్నా పూర్తయిన ఉత్పత్తి మొటిమలు తేవాలని లేదని 2006లో డ్రెయిలాస్, డినార్డో అనే పరిశోధకులు మనుషుల మీద పరీక్షించి చూపించారు. కొబ్బరినూనె జుట్టుకి బంగారం, ఆరిన చేతులకీ కాళ్లకీ మంచిదే. మొటిమలు వచ్చే నుదుటి మీద రాత్రంతా ఉంచడానికి మాత్రం తగదు.

ఇప్పుడు పారాబెన్లు. ఇవీ లోషన్ చెడిపోకుండా వేసే ప్రిజర్వేటివులే. భయం అన్నిటికంటే లోతుగా దిగింది ఇక్కడే, అందుకని కాస్త ఆగి చెప్పాలి.

2004లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్పా డార్బ్రే బృందం 20 రొమ్ము కణితుల నమూనాలు పరీక్షించి, వాటిలో పారాబెన్లు ఉన్నాయని ప్రచురించింది. పక్కన పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న కణజాలం పెట్టలేదు. పారాబెన్లే క్యాన్సర్ తెచ్చాయని తాము అనలేదని రచయితలే తర్వాత స్పష్టం చేశారు. "కనిపించాయి" అన్న మాట పత్రికల్లో, ప్రకటనల్లో, ఫోన్లలో నలిగి నలిగి "తెచ్చాయి"గా మారింది.

భయానికి మూలమే లేదని నేననను. పారాబెన్లకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ లాంటి లక్షణం కొద్దిగా ఉంది. అది మన ఒంట్లో ఉండే హార్మోన్ కంటే వేల రెట్లు బలహీనం, అణువు పొడవు పెరిగేకొద్దీ కాస్త పెరుగుతుంది. అందుకే ఐరోపా సమాఖ్య అన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. మిథైల్, ఇథైల్ పారాబెన్లను ఒక్కొక్కటి 0.4 శాతం వరకు ఉండనిచ్చింది. ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లను 2014లో 0.14 శాతానికి దించింది, మూడేళ్ల లోపు పిల్లల డైపర్ చోట రాసి ఉంచే వాటిలో పూర్తిగా వద్దంది. అదే ఏడాది ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ వంటి ఐదింటిని నిషేధించింది. ట్యూబు మీద ఆ ఐదింటిలో ఏదైనా కనబడితే నేనూ కొనను. మిథైల్ పారాబెన్ చూసి మాత్రం భయపడను.

భయపడి పారిపోతే ఏమైందో కూడా మన కళ్ల ముందే ఉంది. పారాబెన్లు వద్దన్నవాళ్లు పెరిగాక, చాలా కంపెనీలు మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్‌కు మారాయి. కొన్నేళ్లకే ఐరోపాలో దానివల్ల చర్మ అలర్జీలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. 2013లో అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని ఆ ఏటి ముఖ్య అలర్జీ కారకంగా ప్రకటించింది. చివరికి రాసుకుని ఉంచే ఉత్పత్తుల్లో దాన్ని ఐరోపా నిషేధించాల్సి వచ్చింది. అలర్జీ తక్కువ తెచ్చే పాత పదార్థాన్ని వెళ్లగొట్టి, ఎక్కువ తెచ్చేదాన్ని ఇంట్లోకి పిలిచినట్టయింది.

ఏ ప్రిజర్వేటివూ వద్దంటారా? నీళ్లున్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇంట్లో తీసిన కలబంద గుజ్జు రెండు రోజులు బయట పెట్టి వాసన చూడండి. ప్రిజర్వేటివ్ సరిపోని లోషన్లో సూడోమోనాస్ లాంటి బాక్టీరియా, రంగు గానీ వాసన గానీ మారకముందే, పెరగగలదు. గిల్లిన మొటిమ మీద అది రాసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆల్కహాల్ సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. సెటేరిల్, సెటైల్, స్టియరిల్ ఆల్కహాల్ అన్నవి మైనంలా గట్టిగా ఉండే కొవ్వు పదార్థాలు, చర్మాన్ని మెత్తబరుస్తాయి. ఎండబెట్టేది ఆల్కహాల్ డినాట్ అని రాసే స్పిరిట్. అది జాబితాలో రెండు, మూడు స్థానాల్లో ఉంటే పొడిచర్మం ఉన్నవాళ్లు ఆ ట్యూబు వదిలెయ్యండి.

60 శాతం 26 సెకన్లలో రక్తంలో కలిసే మాటే నిజమైతే, షుగరున్నవాళ్లు రోజూ పొట్టకు సూది పొడుచుకోవాల్సిన పనేముంది? ఇన్సులిన్ చేతికి రాసుకుంటే సరిపోయేది. చర్మం పైపొర ఉన్నదే అడ్డుకోవడానికి. అణుభారం 500 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటినవి ఆరోగ్యంగా ఉన్న చర్మంలోంచి లోపలికి పోవడం చాలా కష్టమని 2000లో బోస్, మెయినార్డి అనే పరిశోధకులు రాశారు. ఇన్సులిన్ 5,800 దాకా ఉంటుంది. చిన్న అణువులు కొంత దిగుతాయి, అదీ ఒక్కోటి ఒక్కోలా. కొన్ని సన్‌స్క్రీన్ రసాయనాలు ఒళ్లంతా దట్టంగా రాసినప్పుడు రక్తంలో కనిపించాయని 2019లో ఎఫ్‌డీఏ పరిశోధకులే ప్రచురించారు, వాటి మీద మరింత పరీక్ష కావాలన్నారు. ఒక్కో పదార్థాన్నీ విడిగా కొలవాలి, అన్నిటికీ కలిపి ఒకే అంకె వేస్తే కుదరదు.

చివరిది నిమ్మరసం. ఈ సలహా ఇచ్చినవాళ్ల మీద నాకు నిజంగా కోపం ఉంది. పులుపును కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే అంత పుల్లన. చర్మం పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2 దగ్గర. అంటే దాదాపు వెయ్యి రెట్లు పుల్లన. దానికి తోడు మన చిన్న నిమ్మకాయలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలు లేస్తాయి, తగ్గాక నల్లమచ్చలు నెలల తరబడి ఉంటాయి. మచ్చలు పోవాలని రాసుకున్న పిల్ల కొత్త మచ్చలు తెచ్చుకుంటుంది.

ఆ జాబితా మొత్తంలో నేను వేలు పెట్టి చూపించే పేరు ఒక్కటే, పర్ఫ్యూమ్. నోరు సులువుగా తిరిగే పేరు కాబట్టి మెసేజ్ దాని జోలికే పోలేదు. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. ఐరోపాలో 26 సువాసన పదార్థాలను విడిగా పేరు పెట్టి రాయాలన్న నియమం ఉండేది, 2023లో ఆ జాబితాను 80 దాటించారు. నారింజ తొక్క, లావెండర్ నూనెల్లో సహజంగా ఉండే లిమోనిన్, లినలూల్ కూడా ఆ జాబితాలో ఉన్నవే. త్వరగా దద్దుర్లు వచ్చే చర్మమైతే సువాసన లేనిది వెతుక్కోండి. ఏ లోషనైనా ముందు మోచేతి లోపలివైపు ఓ వారం, పది రోజులు రోజుకు రెండుసార్లు రాసి చూడండి. ఎర్రబడకపోతే అప్పుడు ముఖానికి.

ఇవన్నీ ఫోన్లో పిన్నికి చెబుతూ, "మరి నువ్వేం రాస్తున్నావు పిన్నీ?" అని అడిగాను. పార్లర్ ఆమె ఇచ్చిన నైట్ క్రీమట, నాలుగు నెలలుగా వాడుతోంది. చర్మం నిగనిగలాడుతోందట, కానీ రెండు రోజులు మానేస్తే ముఖం ఎర్రబడి మండుతోందట. నా గుండె జారిపోయింది. వీడియో కాల్‌లో డబ్బా చూపించమన్నాను. తెల్లటి చిన్న డబ్బా. పదార్థాల పేర్లు లేవు, తయారీదారు లేడు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు.

మానేస్తే ముఖం మండటం స్టెరాయిడ్ క్రీములకు అలవాటుపడ్డ చర్మం చేసే పని. దీనికి మన దేశపు చర్మవైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవాల్సి వచ్చింది, స్టెరాయిడ్లతో పాడైన ముఖం అని. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూత మందుల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదంది, అయినా అవి ఇలా పేరులేని డబ్బాల్లోకి చేరుతూనే ఉన్నాయి. ఇంకో భయం పాదరసం. మన నిబంధనల ప్రకారం ముఖానికి రాసే వాటిలో అది అనుకోకుండా చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు, తెల్లబడే క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బు వరసగా బయటపడటం గమనించి, ఆ క్రీముల్లో పాదరసం హద్దు మీరి ఉందని చూపించారు. పాదరసం కలిపేవాడు దాన్ని డబ్బా మీద రాయడు.

క్రీము ఒక్కసారిగా మానొద్దని, స్కిన్ డాక్టరు చెప్పిన పద్ధతిలోనే తగ్గించాలని పిన్నికి చెప్పాను. మూత్రపరీక్ష కూడా అడగమన్నాను. శుక్రవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. భయపడి ఆ డబ్బా పారేస్తానంది. "వద్దు పిన్నీ, సంచిలో వేసుకుని వెళ్లు. డాక్టరు చూడాలి" అన్నాను.