పెళ్లయ్యాక జాతకాలు చూసి ఏం లాభం?

కొత్త రైలు మార్గమో, హైవేనో, ఓడరేవో... చర్చ మొదలైతే చాలు, అడవి సంగతి అడిగినవాడు విదేశీ ఏజెంటు, అప్పు సంగతి అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు. నాకు ఈ రెండు బిరుదులూ ఒకే రోజు, ఒకే పోస్టుకు దక్కాయి.

నిజానికి నాకు రైళ్లంటే ఇష్టం. లారీల మీద పోయే సరుకు రైలెక్కితే మంచిదే. అప్పు చైనాదా, జపాన్‌దా, ప్రపంచ బ్యాంకుదా అన్నది కూడా నాకు రెండో ప్రశ్నే. నేను ముందు అడిగేది ఒకటే: అప్పు పత్రం మీద సంతకం ముందు పడిందా, పర్యావరణ పరిశీలన ముందు జరిగిందా?

కెన్యా చూడండి. మొంబాసా నుంచి నైరోబీకి కొత్త రైలు మార్గం 2017లో మొదలైంది. డబ్బులో చాలా భాగం చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ ఇచ్చిన అప్పు. తర్వాతి దశను నైరోబీ జాతీయ వనం మీదుగా గీశారు. 2016లోనే పర్యావరణ ట్రిబ్యునల్ పనులు ఆపమంది. అయినా 2018లో వనంలో పనులు మొదలయ్యాయి! జిరాఫీలు కింద నడిచి వెళ్లేలా దాదాపు 6 కిలోమీటర్ల ఎత్తయిన వంతెన కట్టారు. కట్టినందుకు సంతోషమే. కానీ దారి అసలు వనంలోంచే ఎందుకు పోవాలన్న ప్రశ్నకు అప్పటికే తలుపులు మూసుకుపోయాయి. అప్పు ఒప్పందాల్లో కొన్ని పత్రాలు జనం కంటపడింది 2022 నవంబరులో, అదీ ప్రభుత్వం మారాక. అన్నట్టు, ఆ లైను మీద నడిచేవి డీజిల్ ఇంజన్లు.

యూరప్‌లోని మాంటెనెగ్రోది ఇంకో కథ. ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశం. 41 కిలోమీటర్ల హైవే కోసం 2014లో అదే బ్యాంకు దగ్గర 94 కోట్ల డాలర్ల పైగా అప్పు చేసింది. యునెస్కో గుర్తింపు ఉన్న తారా నది పరీవాహక ప్రాంతంలో పనులు జరిగి నది గర్భమే రూపు మారింది. ఒప్పందంలో తగాదా వస్తే తీర్పు చెప్పేది బీజింగ్‌లో. దీన్ని విదేశీ ప్రభావం అనరట, నది కోసం గొంతెత్తినవాడిని మాత్రం అంటారట!

బేరం కుదరదని, అప్పిచ్చినవాడు చెప్పినట్టే వినాలని అనేవాళ్లు మలేషియాను చూడాలి. చైనా అప్పుతో చైనా కంపెనీ కడుతున్న తూర్పు తీర రైలు మార్గాన్ని 2018లో ఆపేసి, 2019 ఏప్రిల్‌లో ఖర్చును 6,550 కోట్ల రింగిట్ల నుంచి 4,400 కోట్లకు దించారు. దారి మార్చి, కౌలాలంపూర్ దగ్గరి క్లాంగ్ గేట్స్ స్ఫటిక శిల కొండను తప్పించారు. అదే దేశం, అదే చైనా కంపెనీ. అడిగారు కాబట్టి తగ్గింది.

2020లో వచ్చిన మరో ప్రభుత్వం ఆ దారిని మళ్లీ మార్చింది. ఖర్చు 5,000 కోట్లకు చేరింది. దానికి చైనాను తిట్టడం మాత్రం కుదరదు.