గుడాకు డబ్బాకు జవాబు పందుంపుల్లే

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒడిశా ఊరు గుణుపురం సంతలో సాల్ చెట్టు పుల్లలు కట్టలు కట్టి అమ్ముతారు. ఒడియావాళ్లకు అది దాంతకాఠి, మనవాళ్లకు పందుంపుల్ల. నాలుగడుగుల దూరంలోనే పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద, గుడాకు డబ్బాలు. ఒక పెద్దమ్మ మూత తీసి, నల్లటి ముద్దను వేలికొసకు రాసుకుని, పెదవి ఎత్తి చిగుళ్లకు రుద్దుకుంది. ఎందుకమ్మా అంటే, "చిగుళ్లు సలుపుతున్నాయి బాబూ, ఇది రాస్తే నెత్తురు ఆగుతాది" అంది.

నెత్తురు ఆగడం నిజమే. ప్రమాదమంతా అందులోనే ఉంది. గుడాకులో ఉండేది పొగాకు, బెల్లపు మడ్డి, సున్నం. పొగాకులోని నికోటిన్ చిగుళ్ల రక్తనాళాలను బిగిస్తుంది. దాంతో రక్తం కారడం తగ్గుతుంది, జబ్బు నయమైందనిపిస్తుంది. లోపల పంటిని పట్టుకున్న ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. చివరికి పన్ను కదిలి చేతికొస్తుంది. టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం 1992లోనే నిషేధం పెట్టింది. అయినా రాయగడ, గజపతి జిల్లాల ఊళ్లలో తెల్లారేది ఈ డబ్బాతోనే.

వేపపుల్ల మోటు అని మనమే మాన్పించాం. ఆ ఖాళీలోకి అందరిళ్లకూ పేస్టు రాలేదు, చాలా ఇళ్లకు గుడాకు వచ్చింది. అందుకే వేప, పసుపు, త్రిఫలలను మళ్లీ తేవాలంటున్నాను. అదీ బామ్మ చిట్కాగా కాదు, డాక్టరు చీటీ మీద.

పుల్లతో గార ఊడదని దంత వైద్యులంటారు. ఒప్పుకుంటాను. గట్టిపడిన గారను క్లీనింగ్ చేయించుకునే తీయించాలి, చిగుళ్ల కింద చీము పడితే ఏ ఆకూ ఆపలేదు.

కానీ క్లీనింగ్ తర్వాత మాటేమిటి? మామూలుగా రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ బాగానే పనిచేస్తుంది, ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. త్రిఫల కషాయంతో పుక్కిలించిన కొన్ని పరీక్షల్లో పాచి, చిగుళ్ల వాపు దాదాపు దానితో సమానంగా తగ్గాయి. క్లీనింగ్ అయ్యాక చిగుళ్ల సందుల్లో పసుపు జెల్ పెట్టి చూసినప్పుడు కూడా మంచి ఫలితాలు కనిపించాయి. అవన్నీ చిన్న పరీక్షలే, కొద్ది వారాలవే. మరి పెద్దవి ఎవరు చేయాలి?

నన్ను దహించే ప్రశ్న ఇదే. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. వేపనూనె శిలీంద్రనాశిని మీద యూరప్‌లో ఇచ్చిన పేటెంట్‌నూ 2000లో కొట్టేయించాం. పసుపు మాది, వేప మాది అని పరాయి దేశాల్లో గెలిచొచ్చాం. ఆ పట్టుదలలో పదో వంతు ఇక్కడ పెట్టి, సరిహద్దు ఊళ్ల ఆరోగ్య కేంద్రాల్లో ఏడాదిపాటు పరీక్ష జరిపిస్తే తప్పేముంది? ఒక పక్క క్లీనింగ్, మందు. మరో పక్క క్లీనింగ్, త్రిఫల, వేపపుల్ల. గుడాకు మానిన వాళ్లెందరో కూడా లెక్క రాయాలి. ఆ లెక్క అడిగే మనిషి పెద్దమ్మతో తెలుగులోనే మాట్లాడాలి. డబ్బా మీది హెచ్చరిక ఆమె చదవలేదు. చిగుళ్లు ఎందుకు సలుపుతున్నాయో ఆమె భాషలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.