తెల్లారిందో లేదో తెలియని వార్డు

‘‘తెల్లారిందా బిడ్డా?’’

నల్లగొండలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మ రాత్రంతా నన్ను అడిగిన మాట ఇది. తుంటి ఎముక ఆపరేషనై అప్పటికి మూడో రోజు. మంచానికి అటు గోడ, ఇటు ప్లైవుడ్ పార్టిషన్, నెత్తి మీద పగలూ రాత్రీ వెలిగే ట్యూబులైటు. ఊళ్లో కోడికూతకే లేచే మనిషికి పొద్దు పొడిచిందో గూకిందో తెలియలేదు. నిద్రలేక మాట తడబడింది. ఇంటికి పోదామంటూ సెలైన్ సూది పీకబోయింది. మరునాడు ఓ సిస్టర్ జాలిపడి మంచాన్ని కారిడార్ చివర కిటికీ దగ్గరికి జరిపించింది. బయట ఓ వేపచెట్టు, దాని కింద ఆగిన ఆటోలు. ఆ సాయంత్రం అమ్మ ఛాయ్ అడిగింది. మందులు అవే, చోటు ఒక్కటే మారింది.

మంచి డాక్టరుంటే చాలు, బిల్డింగుతో ఏం పని అంటారు చాలామంది. పని ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఓ ఆసుపత్రిలో 1972-81 మధ్య పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పోల్చి చూశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్తే, గోడ చూసినవాళ్లకు 8.70 రోజులు పట్టింది. ఘాటైన నొప్పి మందులూ మొదటివాళ్లకు తక్కువే అవసరమయ్యాయి. 1984లో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నదే. కానీ రోగి పక్కన రాత్రులు గడిపినవాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రులపై 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలున్న పాతకాలపు వార్డుల్లో తలుపులు, కిటికీలు తెరిస్తే కొత్త భవనాల కంటే గాలి బాగా మారుతుంది. క్షయ సోకే ముప్పు ఆ మేరకు తగ్గుతుంది. మనమేమో మే నెలలో 45 డిగ్రీలు తగిలే ఊళ్లలో పడమటి ముఖానికి అద్దాలు బిగించి, కిటికీలు మూసి, ఏసీ మీద భారం వేస్తున్నాం. ఎండను ఆపి గాలిని రానిచ్చే లోతైన వరండా, కిటికీ మీద వెడల్పు సజ్జ, చిల్లుల జాలీ గోడ మన మేస్త్రీలకు కొత్తవి కావు.

మన జిల్లాకు మరో లెక్క కూడా ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగడం వల్ల కలిగే ఫ్లోరోసిస్‌తో నడుము వంగినవాళ్లు, మోకాళ్లు బిగుసుకున్నవాళ్లు ఉన్నారు. కృష్ణా నీళ్లు వచ్చాయి కానీ వంగిన ఎముకలు తిరిగి నిటారు కావు. వాళ్లకు మూడు మెట్లంటే గుట్ట ఎక్కినట్టే. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. చాలాచోట్ల బైకు ఎక్కించే వాలులా పోసి వదిలేస్తున్నారు. దాని మీద వీల్‌చైర్ తోయాలంటే ఇద్దరు కావాలి. బెంచీ మరీ కిందికి ఉంటే కూర్చున్న మనిషి లేవలేడు. బాత్రూంలో పట్టుకోడానికి గోడకు ఓ కడ్డీ బిగించడం ఎంత పని?

ఇక తోడు వచ్చినవాళ్లు. ఒక పేషెంటుకు కనీసం ఇద్దరు వస్తారు. ప్లానులో వాళ్లకు చోటుండదు. మెట్ల కింద చద్దరు పరిచి, తలకింద అన్నం గిన్నెల సంచి పెట్టుకుని పడుకుంటారు. పాత ఇళ్లకు ముందు అరుగు ఉండేది, దారినపోయేవాడు కూడా కాసేపు కూర్చునేవాడు. ఆసుపత్రికి అలాంటి అరుగులు కావాలి: నీడలో, మంచినీళ్ల నల్లా పక్కన, లోపలి నుంచి పేరు పిలిస్తే వినపడేంత దగ్గర్లో.

మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ఇలా వరసగా మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటితోపాటు పెద్దాసుపత్రులు పెరుగుతున్నాయి. ఇంత కట్టుబడి మళ్లీ ఎప్పుడు జరుగుతుందో! స్థలం చేతికి రాగానే జేసీబీ దింపి అంతా చదును చేస్తున్నారు. వేప నీడ పట్టాలంటే పదేళ్లు ఆగాలి. అందుకే ముగ్గు పోసే రోజే ఉన్న చెట్లకు సున్నం గీసి, ఏ వార్డు కిటికీ ఏ చెట్టు వైపు తెరుచుకోవాలో అక్కడే నిలబడి నిర్ణయించాలి.