బియ్యం ఒక చోట, సబ్బులు ఒక చోట

"పెద్ద స్టోర్లకు పోవడం మానండి, వీధి కొట్లోనే కొనండి" అని రాశారు గదండీ. వినడానికి బాగానే ఉంది. మాది నెల్లూరు. ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. నూనె, సబ్బులు, సర్ఫు పెద్ద స్టోర్‌లోనే తెస్తా. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదనే గానీ అంతకే అమ్మాలని కాదు గదా. వాళ్లు లారీల లెక్కన కొంటారు, తగ్గించి ఇస్తారు.

బియ్యం మాత్రం మా ఊరి టోకు బజారు స్టోన్‌హౌస్‌పేటలోనే. అక్కడ గుమాస్తా శాంపిల్ మూటలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పోస్తాడు. రెండు గింజలు కొరికి చూస్తే పాతవో కొత్తవో తెలిసిపోతుంది. స్టోర్‌లో అయితే సంచి మీద బొమ్మ చూసి కొనాల్సిందే.

మొన్న అట్లాగే 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని రాసుందని బిస్కెట్లు తెచ్చా. ఇంటికొచ్చి చూస్తే వారంలో గడువు తీరిపోతోంది! ఆదా 80 రూపాయలు, అనుకోకుండా బుట్టలో పడ్డవి 300 రూపాయలవి. సంచి మర్చిపోతే దానికీ బిల్లే.

2020 లాక్‌డౌన్‌లో జీతం సగమే వచ్చిన రెండు నెలలూ మా సందు చివర కొట్టాయనే ఖాతా రాసుకుని పప్పూ ఉప్పూ పంపాడు. ఆయన దగ్గర కందిపప్పు కిలోకి 10 రూపాయలు ఎక్కువే. తెలిసే కొంటున్నా. అప్పు ఆయన దగ్గర, నగదు పెద్ద స్టోర్‌కి అంటే మా ఆవిడ ఊరుకోదు లెండి.