వేలు పోయింది, వాదన మిగిలింది

కడపలో జరిగిన ఒక స్వస్థత కూటానికి వెళ్లొచ్చాక మా చిన్నమ్మ షుగర్ మాత్రలు మానేసింది. విశ్వాసం ఉన్నోళ్లకు మాత్రలెందుకని వేదిక మీద అయ్యగారు అన్నారట. మూడు వారాలకు కాలి పుండు నల్లబడింది. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే కూడా, కూటంలో ఇచ్చిన ప్రార్థన నూనె సీసా ఆమె కొంగులో ముడేసే ఉంది. బొటనవేలు తీసేశారు.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే వాదన. చిన్నాయన సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) మనిషి, స్వస్థత, అన్యభాషలు (నేర్చుకోని భాషల్లో మాట్లాడటం) లాంటి అద్భుత వరాలు యేసు పంపిన అపొస్తలులతోనే సరి అంటాడు. అమెరికా వేదాంతి వార్‌ఫీల్డ్ 1918లో వాదించిందీ ఇదే. మా తమ్ముడు పెంతెకొస్తు, ఆ వరాలు ఇప్పటికీ ఉన్నాయనే సంఘం. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో మొదలైన పెంతెకొస్తు ఉజ్జీవం సంగతి ఎత్తి, ఆగిపోయాయని వాక్యంలో ఎక్కడుందో చూపించమంటాడు.

నిజం చెప్పాలంటే తమ్ముడి ప్రశ్నే గట్టిది. 'భాషలైనను నిలిచిపోవును' అని అపొస్తలుడు పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయంలో ఉంది, కాదనను, కానీ అది పూర్ణమైనది వచ్చినప్పుడు. ఆ పూర్ణమైనది బైబిలేనని చిన్నాయన అంటాడు గానీ, అప్పుడు ముఖాముఖిగా చూస్తామని కూడా పౌలు అక్కడే రాశాడు. బైబిల్ మన చేతిలోనే ఉంది, ముఖాముఖిగా ఏం చూస్తున్నాం?

అట్లని మైకులో వినబడేదంతా వరమైపోదు. అన్యభాషల్లో ఇద్దరు, మహా అయితే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని, అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో ఊరుకోవాలని అదే పత్రిక 14వ అధ్యాయంలో ఉంది. ఆ కూటంలో పందిరంతా ఒకేసారి అరిచిందట, అర్థం చెప్పినవాడు ఒక్కడూ లేడు. స్వస్థత సంగతీ అంతే. లుస్త్రలో కుంటివాణ్ణి నడిపించిన పౌలే జబ్బుపడిన త్రోఫిమును మిలేతులో వదిలి వెళ్లాడు, తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, తన ఒంట్లో ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువైంది? అంతెందుకు, ఈ జిల్లాకు సువార్త తెచ్చిన లండన్ మిషనరీలు జమ్మలమడుగులో ఆసుపత్రి కూడా కట్టారు కదా!

చిన్నమ్మ ఇప్పుడు మాత్ర మింగాకే ప్రార్థనకు కూర్చుంటోంది. ప్రాణం దక్కింది కదా, వచ్చి సాక్ష్యం చెప్పమని ఆ కూటంవాళ్లే మళ్లీ కబురు పెట్టారు. చెప్తానంది, ఇన్సులిన్ సంగతి కూడా కలిపి. ఇంకా మైకు ఇవ్వలేదు.