నూటికి నూరు రావాల్సిందే!

లాప్‌టాప్ బ్యాటరీ ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గరే ఆపెయ్యాలట! వచ్చిన ఎనభైని వదిలేసి, పోయిన ఇరవై గురించే పిల్లల్ని నిలదీసే పెద్దలం మనం. అంత తేలిగ్గా రాజీపడతామా?

అయినా అవతలివాళ్ల వాదన కూడా వినాలి. నూరు దగ్గర బ్యాటరీలోని లిథియం అయాన్ సెల్లు 4.2 వోల్టులకో, రకాన్నిబట్టి ఇంకా పైకో ఎక్కి కూర్చుంటుంది. ఆ ఎత్తున లోపల లిథియాన్ని అటూ ఇటూ మోసే ద్రవం, ఎలక్ట్రోలైట్, నిలవలేక కొద్దికొద్దిగా విరిగిపోతూ ఎలక్ట్రోడ్ల మీద పొర కడుతుంది. పొరలో చిక్కిన లిథియం ఇక పనికిరాదు. వేడి తోడైతే పని మరీ చురుగ్గా సాగుతుంది. కాబట్టి లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి, గాలి రంధ్రాలు మూసి, పగలూ రాత్రీ ప్లగ్గు పీకకుండా వాడేవారి దీక్ష సామాన్యమైంది కాదు.

పరిమితి పెట్టే ఏర్పాటు చాలా లాప్‌టాపుల్లో కంపెనీ యాప్‌లోనో విండోస్ కన్నా ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోనో ఉంటుంది. కొన్నింట్లో 75కి దిగితే ఎక్కించు, 80కి ఆపు అని రెండంకెలూ ఇవ్వొచ్చు. ప్రయాణం ముందు రాత్రి తీసేసుకోవచ్చు కూడా. అటువైపు మనం కన్నెత్తి చూడం.

నెలనెలా సున్నాదాకా దించే నిష్ఠాపరులది వేరే శాఖ. పూర్తిగా దించకుండా ఎక్కిస్తూపోతే ఆ కాస్తకే అలవాటుపడిపోయే 'మెమరీ' జబ్బు పాతకాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీలది. లిథియం అయాన్ 1991లోనే మార్కెట్లోకి వచ్చింది. అప్పట్నుంచీ దానికి రాని జబ్బుకు మందు పోస్తూనే ఉన్నారు. పూర్తిగా దించి ఎక్కిస్తే శాతం చూపించే లెక్క సరవుతుందేమో గానీ, పోయిన సత్తువ తిరిగిరాదు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్' (powercfg /batteryreport) కొట్టి, అది తయారుచేసే రిపోర్టు తెరిస్తే రెండంకెలు బయటపడతాయి. డిజైన్ కెపాసిటీ 50,000, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 38,000 మిల్లీవాట్ అవర్లు ఉన్నాయనుకోండి. స్క్రీన్ మీద వెలిగే ఆ నూరు, అసలుదాంట్లో 76. పరీక్షనే 76 మార్కులకు కుదించి, అన్నీ మనకే వచ్చాయని మురిసిపోవడం! ఎవరికీ తట్టని ఉపాయం.

ఈ గర్వంతోనే కాబోలు, కొన్ని బ్యాటరీలు పొంగుతాయి. టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంది, మూత సరిగా పడదు. అదిమి స్క్రూలు బిగించకండి, గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లండి. కొత్త బ్యాటరీ వేశాక మొదట ఎంత చూపిస్తుందో గమనించండి: సాధారణంగా సగమో, అంతకన్నా తక్కువో. నూరు నింపి పంపడం, పాపం, తయారుచేసినవాళ్లకే చేతకాలేదు.