హైగెన్స్ గారూ, పలకరేం?

డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ (Huygens) 1695లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో కన్నుమూశారు. అప్పటి నుంచి ఎవరు ఎలా పిలిచినా ఆయన పలకడం లేదు. ఆయన పలకడం మానేశాక, ఆయన పేరు ఎలా పలకాలన్న తగవు మనకు మిగిలింది. ఇంత పెద్ద తగవును ఇన్నేళ్లూ పట్టించుకోనందుకు ముందుగా పాఠకులకు క్షమాపణ. మొన్న ఒక పెళ్లిలో నా కళ్లు తెరుచుకున్నాయి.

ముహూర్తం ఉదయం 9 గంటల 47 నిమిషాలకు. పంతులుగారి ఫోన్లో ఒక టైము, మండపం గోడ మీద గడియారంలో ఒక టైము, వీడియో కుర్రాడి కెమెరాలో ఇంకో టైము. జీలకర్ర బెల్లం దేని ప్రకారం పెట్టాలో తెలియక అందరూ టెన్షన్ పడుతుంటే నేను ఊరుకోలేకపోయాను. "1656లో హైగెన్స్ లోలకం గడియారం చేశాడు కాబట్టి ఈమాత్రం తేడాతో పోయింది. అంతకుముందు గడియారాలు రోజుకు పావుగంట దాకా తప్పేవి. ఆయన దాన్ని పదిహేను సెకన్లకు దించాడు" అన్నాను. సమయానికి తగిన మాటే అన్నాననుకున్నాను.

"హాయ్‌గెన్స్" అన్నారు పక్కనున్న డల్లాస్ బావగారు, ఇంగ్లీషులో బాయ్ అన్నట్టు. గడియారం సంగతి ఆయనకు పట్టలేదు. వెనక వరసలోంచి రిటైరైన ఫిజిక్స్ మాస్టారు లేచి, "ముప్పై నాలుగేళ్లు ఇంటర్ సెకండియర్‌కి హైగెన్స్ సూత్రం చెప్పానయ్యా. హైగెన్సే" అన్నారు. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె, "స్పెల్లింగ్ చూస్తే హ్యూజెన్స్ అనేగా అంకుల్ ఉంది" అంది. ఈలోగా తాళి కట్టేశారు. మా నలుగురి చేతుల్లో అక్షింతలు అలాగే ఉండిపోయాయి. చర్చ పెరుగన్నం దాకా సాగింది. పదిహేను నిమిషాల తప్పును పదిహేను సెకన్లకు తెచ్చిన మనిషి పేరులో తప్పు మాత్రం మూడు శతాబ్దాలైనా ఒక్క సెకను తగ్గలేదు.

ఇంటికొచ్చి ఇంగ్లీషు నిఘంటువులు చూశాను. హైగెన్స్ అనీ ఉంది, హాయ్‌గెన్స్ అనీ ఉంది. అంటే మాస్టారూ నెగ్గారు, బావగారూ నెగ్గారు. ఓడిపోయింది డచ్చివాళ్లు.

వాళ్లనే అడిగితే పోలా అనుకుని, డచ్చివాళ్ల ఊరు ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి కబురు పెట్టాను. వాడు ఆఫీసులో ఒక డచ్చి మిత్రుడి చేత పలికించి వాయిస్ మెసేజ్ పంపాడు. మొదటిసారి విన్నప్పుడు ఫోను నీళ్లలో పడిందేమో అనుకున్నాను. నాలుగోసారికి కొంచెం తెలిసింది. మొదట హకారం, దాని మీద ఒక అచ్చు. ఆ అచ్చు కోసం నాలుకను 'ఎ' దగ్గర ఉంచి, పెదవులను మాత్రం 'ఓ' అంటున్నట్టు గుండ్రంగా చుట్టి, ఆ చుట్టు విప్పకుండా 'ఈ' వైపు జారాలి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, పన్ను నొప్పి మళ్లీ మొదలైందా అని అడిగింది. తరవాత 'గ' రావాలి. అది గ కాదు, గొంతులో రాపిడి. ఐండ్‌హోవెన్ వైపు దాన్ని మెత్తగా రాస్తారట, హేగ్ వైపు గరుకుగా గీకుతారట. అంటే మనం అంత దూరం వెళ్లి అడిగిన ఊరు కూడా సరైన ఊరు కాదు. ఇక చివర 'స్' ముందు 'న్' ఉంది చూశారూ, అది రాయడానికే. పలకేటప్పుడు చాలామంది దాన్ని మింగేస్తారు.

రాసినట్టే పలికే భాష మాది అని గర్వపడే మనకు ఇదొక సవాలు. అయితే మన వర్ణమాలలో ఌ, ౡ అని ఇద్దరు పెద్దమనుషులు ఏళ్ల తరబడి పనీపాటా లేకుండా కూర్చుని ఉన్నారు. ఆ డచ్చి అచ్చును వాళ్లకు అప్పగిస్తే ఇద్దరికీ ఉపాధి దొరుకుతుంది. రాసి మింగేసే 'న్' కోసం కొత్తగా ఎవర్నీ వెతకనక్కర్లేదు, అరసున్న ఉండనే ఉంది. గొంతు రాపిడికి హైదరాబాద్ ఉర్దూలో ఖైరతాబాద్ అనేటప్పుడు వచ్చే ఖ సరిపోతుంది. ఈ లెక్కన ఆక్స్‌ఫర్డు ప్రొఫెసరు కంటే చార్మినార్ దగ్గర గాజులమ్మే ఆయన ఈ పేరుకు దగ్గరగా ఉన్నాడు. దీన్ని బావగారికి మెసేజ్ చేశాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

మర్నాడు మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ డచ్చి ఆయనే మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు హాయ్‌గెన్స్ అంటాడు. ఎందుకలా అంటే, అలా అంటేనే మీకు అర్థమవుతుంది కదా అన్నాడు." నేను కాసేపు కుర్చీలో కూర్చున్నాను. తెలుగువాళ్లు డచ్చి పేరును ఇంగ్లీషువాళ్లలా పలకాలని తాపత్రయపడుతున్నారు. డచ్చివాళ్లు అదే పేరును పరాయివాళ్ల కోసం ఇంగ్లీషు చేస్తున్నారు. మధ్యలో ఇంగ్లీషువాళ్లకు ఈ విషయమే తెలియదు. వాళ్లు డచ్చి చిత్రకారుడు వాన్ గోను లండన్‌లో వాన్ గాఫ్ అనీ, న్యూయార్క్‌లో వాన్ గో అనీ పిలుచుకుని హాయిగా నిద్రపోతున్నారు. హేగ్ వైపు వాళ్ల నోట ఆయన ఫన్ ఖొఖ్. ఆవకాయలో కారం ఎంత పడాలో లండన్‌కు ఉత్తరం రాసి కనుక్కుంటామా? పేరు దగ్గర మాత్రం కనుక్కుంటాం.

ఇంతకీ ఆ మనిషి ఏమనుకునేవాడు? చూడబోతే ఆయనకు ఈ బెంగే లేదు. 1666 నుంచి పదిహేనేళ్లకు పైగా, మధ్యలో ఇంటికి వెళ్లి వస్తూ, పారిస్‌లో ఉన్నారు. ఫ్రెంచివాళ్ల నోటి నుంచి హకారం బయటికి రాదు. అంటే పేరులో మొదటి అక్షరం లేకుండానే ఆ పదిహేనేళ్లూ పలికారన్నమాట. లాటిన్లో రాసే న్యూటన్ తన 1687 గ్రంథంలో ఆయన్ని హుగేనియస్ అన్నాడు. మనం రామ అన్న మాటకు 'డు' తగిలించి రాముడు చేసినట్టే, లాటినువాళ్లు ఎవరు దొరికినా 'యస్' తగిలిస్తారు. హైగెన్సుడు అన్నాడనుకోండి. ఆయన అభ్యంతరం చెప్పలేదు. కాంతి మీద ఆయన రాసిన పుస్తకం 1690లో వచ్చింది, మాస్టారు ముప్పై నాలుగేళ్లు చెప్పిన సూత్రం అందులోదే. దాని కొన్ని ప్రతుల మీద రచయిత పేరు చోట సి.హెచ్.డి.జెడ్. అని నాలుగు పొడి అక్షరాలే ఉన్నాయి. మన ఇంటిపేర్ల పద్ధతి ఆయనకెవరు చెప్పారో.

అసలు పలకడానికి వీల్లేనిది రాయడంలో ఆయన సిద్ధహస్తులు. శని చుట్టూ ఉన్నది వలయం అని తేల్చుకున్నాక, ఆ మాట ఎవరూ ఎత్తుకుపోకుండా 1656లో అక్షరాలన్నీ విడగొట్టి అచ్చు వేయించారు. ఏడు 'ఎ'లు, ఐదు 'సి'లు, ఒక 'డి', ఐదు 'ఇ'లు... అలా మొత్తం 62 అక్షరాలు. మూడేళ్ల తరవాత వాటిని లాటిన్ వాక్యంగా కూర్చి చూపించారు. ఎక్కడా తగలని సన్నని, చదునైన వలయం శనిని చుట్టి ఉందని దాని అర్థం. ఆ మూడేళ్లలో ఒక్కరు కూడా 'ఎ'లు ఏడూ కలిపి పలకడమా, విడివిడిగానా అని అడిగినట్టు దాఖలా కనపడదు. వాళ్ల ధ్యాస శని మీద ఉండి ఉంటుంది.

ఇది వంశంలోనే ఉందేమో. హేగ్ పక్కన సముద్రపు ఒడ్డున ఒక ఊరుంది. దాని పేరు సుమారుగా స్ఖేవెనింగెన్. రెండో ప్రపంచ యుద్ధంలో డచ్చివాళ్లలా నటించే జర్మన్లను పట్టుకోవడానికి ఈ ఊరి పేరు పలకమనేవారని అక్కడ చెప్పుకుంటారు. హేగ్ నుంచి ఆ ఊరికి రాళ్లు పరిచిన రోడ్డు ఉండాలని తలపెట్టి దానికి రూపం ఇచ్చింది మన క్రిస్టియాన్ గారి తండ్రే. 1665లో రోడ్డు పూర్తయింది. తండ్రిగారి పేరు జోలికి నేను వెళ్లను.

ఈ విషయంలో మన పూర్వులు మనకంటే గట్టివాళ్లు. 1629లో హైగెన్స్ పుట్టేసరికే బందరులో డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేస్తున్నారు. మనవాళ్లు హాలండ్ అన్న మాటను ఒకసారి విన్నారు, వలంద అన్నారు, పని చూసుకున్నారు. ఫ్రెంచివాళ్లు వస్తే పరాసులన్నారు. బందరులో వలందపాలెం, పరాసుపేట ఇప్పటికీ ఉన్నాయి, ఆటోవాళ్లు సరిగ్గా తీసుకెళ్తారు. మనమైతే ఇప్పుడు డచ్చి శాస్త్రవేత్త ఎవరు ఎదురైనా చెమటలు పట్టించుకుంటాం. కంప్యూటర్ పిల్లలు వైవాలో, దగ్గరి దారి వెతికే డైక్‌స్ట్రా అల్గారిథమ్‌ను డిజ్‌క్‌స్ట్రా అని నవ్వుల పాలవుతారు. ప్రోగ్రాముల్లో లెక్క పెట్టడానికి వాడే ఐ, జె, కె అక్షరాలను పేరు మధ్యలో వరసగా పెట్టుకున్న మనిషిని ప్రోగ్రామింగ్‌లో కాక ఇంకెక్కడ పెడతాం అని ఒక్కరూ ఎదురు అడగరు.

మళ్లీ మన హైగెన్స్ గారి దగ్గరికి వద్దాం. శనిగ్రహం ఉపగ్రహం టైటన్‌ను ఆయన 1655లో కనుక్కున్నారు. ఆయన పేరు పెట్టిన వ్యోమనౌక 2005 జనవరి 14న దాని మీద దిగింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ కంట్రోల్ రూములో జర్మన్లు, ఇటాలియన్లు, ఫ్రెంచివాళ్లు, అమెరికన్లు కూర్చుని ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు ఆ పేరు పలికారు. మూడు వందల ఏళ్ల మౌనం తరవాత, దాదాపు నూట ఇరవై కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి హైగెన్స్ పలికింది. నేల మీద దిగాక కూడా గంటకు పైగా పలుకుతూనే ఉంది. మాటలు పంపడానికి దానికి రెండు ఛానళ్లు ఉన్నాయి. పైన తిరుగుతున్న కాసిని నౌక వాటిని విని భూమికి చేరవేయాలి. అయితే ఒక ఛానల్ రిసీవర్‌ను ఆన్ చేయమని కాసినికి ఆదేశం ఇవ్వడం మర్చిపోయారు. దాంతో ఆ ఛానల్లో వచ్చిన దాదాపు 350 ఫొటోలు పోయాయని చెబుతారు.

ఫొటోలే అయి ఉంటే నాకు ఇంత బాధ ఉండదు. ఆ ఛానల్లో అది తన పేరు చెప్పుకుందేమోనని నా అనుమానం.